స్కాలర్ వెళ్ళిపోయాక సీసా ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయంలో భద్రతా వారోత్సవం జరిగిందంటే మర్నాడు పత్రికలో ఏం వస్తుందో మాకు దాదాపు కంఠతా వచ్చు. వేదిక, ప్రతిజ్ఞ, పోస్టర్ల పోటీ, చివర్లో మంటలార్పే సిలిండరుతో ఒక ప్రదర్శన. ఉండనివ్వండి, నష్టం లేదు. కానీ ఆ వార్త రాసే విలేకరి వేదిక దగ్గర్నుంచి లేచి, ఏదో ఒక ప్రయోగశాలకు వెళ్ళి సింకు కింద తలుపు తీసి చూస్తే అసలు సంగతి అక్కడ దొరుకుతుంది. ప్రతి సీసా మీదా పేరుందా? తెరిచిన తేదీ ఉందా? అది ఎవరిదో చెప్పగలిగే మనిషి ఆ గదిలో ఉన్నాడా? విశ్వవిద్యాలయాల్లో ఆరోగ్య, పర్యావరణ భద్రత పని చూస్తున్న మేము ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఆ మూడో ప్రశ్న గురించి.

కర్మాగారంలో ఏళ్ళ తరబడి అదే ముడిసరుకు, అదే యంత్రం, చాలావరకు అదే మనుషులు. విశ్వవిద్యాలయంలో గదికో ప్రయోగం. రసాయనాలు అరలీటరు, పావుకిలో చొప్పున ఉంటాయి గానీ రకాలు వందల్లో ఉంటాయి. వాడే స్కాలర్లు నాలుగైదేళ్ళకు డిగ్రీ పుచ్చుకుని వెళ్ళిపోతారు, ప్రాజెక్టు ఫెలోలు ఇంకా ముందే వెళ్ళిపోతారు, గైడు ఏదో ఒకరోజు రిటైరవుతారు. సామాను మాత్రం ఎక్కడికీ పోదు. ప్రయోగం నడుస్తున్న బల్ల మీద కనీసం ఒక మనిషి కన్ను ఉంటుంది. ప్రయోగం ముగిసిపోయిన అలమరాను అడిగే నాథుడుండడు. మాకు ఎక్కువ భయం ఆ అలమరాతోనే.

ఈథర్ సంగతే తీసుకోండి. డైఈథైల్ ఈథర్, అందరూ టీహెచ్‌ఎఫ్ అని పిలిచే టెట్రాహైడ్రోఫ్యూరాన్, డైఐసోప్రొపైల్ ఈథర్ లాంటి ద్రావణులు మూత తీసిన రోజు నుంచి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా పెరాక్సైడులు తయారుచేస్తుంటాయి. వెలుతురు తగిలితే ఇంకా త్వరగా. ద్రవంలో కరిగి ఉన్నంతకాలం పైకేమీ కనబడదు. ద్రావణి ఆవిరైపోయి అడుగున అవే మిగిలినా, మూత మరల్లో స్ఫటికాలు కట్టినా, మూత తిప్పే రాపిడికే పేలే ప్రమాదం ఉంది. అందుకని సీసా మీద రెండు తేదీలు రాయమంటాం: వచ్చింది ఎప్పుడు, తెరిచింది ఎప్పుడు. డైఐసోప్రొపైల్ ఈథర్ తెరిస్తే మూడు నెలల్లో వదిలించుకోవాలి. మిగతా రెంటినీ ఆరు నెలలకోసారి పరీక్షించి, ఏడాది దాటకుండా చూసుకోవాలి. పరీక్ష పట్టీలు దొరుకుతాయి, నిమిషం పని. పెరాక్సైడు లీటరుకు 25 మిల్లీగ్రాముల లోపుంటే మామూలుగా వాడుకోవచ్చు. 25 దాటితే స్వేదనం చేయకూడదు, ఆవిరిపట్టి చిక్కబరచకూడదు. 100 దాటిన సీసాను ఇంకేమీ చేయకుండా వ్యర్థాల కింద అప్పగించాలి. తేదీ లేని పాత సీసా గానీ, మూత చుట్టూ తెల్లగా పెచ్చు కట్టిన సీసా గానీ కనబడితే పరీక్ష కోసం కూడా మూత తీయకండి, పక్కకు జరపకండి. గది తలుపు మూసి, కాగితం అంటించి, భద్రతా విభాగానికి ఫోన్ చేయండి.

పిక్రిక్ ఆమ్లం దీనికి బంధువే. ఇది కనీసం 30 శాతం నీటితో తడిగా వస్తుంది. తడి ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఏళ్ళు గడిచి ఎండిపోతే పేలుడు పదార్థం, అందులోనూ లోహపు మూత ఉంటే మరీ ప్రమాదం. రసాయనశాస్త్రం వాళ్ళకు ఈ సంగతి తెలుసు. కానీ పాత పిక్రిక్ సీసాలు తరచుగా దొరికేది జంతుశాస్త్రం, వైద్య కళాశాలల అలమరాల్లో, కణజాలాన్ని నిల్వచేసే బూయిన్ ద్రావణం కోసం ఎప్పుడో తెప్పించినవి. ఆరు నెలలకోసారి సీసా చూసి తడి ఉందో లేదో రాసిపెట్టే మనిషి పేరు ఆ శాఖలో ఉండాలి. బూయిన్ ద్రావణం అవసరమైతే తయారుగా ఉన్నదే కొనుక్కోవడం మేలు, అప్పుడు పొడి సీసా బెడదే ఉండదు.

సొంతదారు లేని సామాను ఎంతదాకా వెళుతుందో 2010లో దేశమంతా చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో 1980ల నడుమ నుంచి వాడకుండా వదిలేసిన ఒక గామా వికిరణ యంత్రాన్ని ఆ ఏడాది ఫిబ్రవరిలో పాత సామానుతో పాటు వేలం వేశారు. అది మాయాపురి స్క్రాప్ మార్కెట్‌కు చేరింది. లోపల కోబాల్ట్-60 ఉందని కొన్నవాళ్ళకు తెలియదు, విడగొట్టారు. ఏప్రిల్‌లో ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్ళు. అంటే పాతికేళ్ళు మూలన పడివున్నా బలం సుమారు 27వ వంతుకు తగ్గిందే తప్ప పోలేదు. యంత్రం తయారీలో లోపం లేదు, ప్రయోగంలో తప్పు లేదు. దాని సంగతి తెలిసినవాళ్ళు వెళ్ళిపోయారు, తెలియనివాళ్ళు జాబితాలో టిక్కు పెట్టారు. పాత సామాను వేలానికి పంపే ఫైలు మీద భద్రతా విభాగం సంతకం తప్పనిసరి చేయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. రేడియోధార్మిక మూలాలే అని కాదు. పాత ఫ్రిజ్‌లలో శీతలీకరణ వాయువు, పాత ట్రాన్స్‌ఫార్మర్లలో నూనె, వాక్యూమ్ పంపుల్లో కలుషితమైన నూనె, మానోమీటర్లలో పాదరసం, పాత ఓవెన్ల చుట్టూ ఆస్బెస్టాస్, ఇవన్నీ స్క్రాప్ కొన్నవాడి చేతికే అంటుకునేవి.

ఇప్పుడు మా కోరిక. విద్యార్థి గ్రంథాలయం పుస్తకం ఒక్కటి బాకీ ఉన్నా నో డ్యూస్ ఇవ్వరు, డిగ్రీ పట్టా చేతికి రాదు. హాస్టలు మెస్ బాకీకీ అంతే. అలమరాలో ఇరవై సీసాలు వదిలేసి వెళ్ళినవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు. నో డ్యూస్ పత్రంలో ప్రయోగశాల వరుస ఒకటి చేర్చాలి, అది లాంఛనంగా మిగలకుండా పని నడవాలి. వెళ్ళడానికి నెల ముందు స్కాలర్ తన సీసాలు, ఫ్రీజరు పెట్టెలు, గ్యాస్ సిలిండర్లు, సొరుగుల్లోని సూదులు, తాను తయారుచేసిన సంయోగాల జాబితా రాయాలి. ఇంకొకరికి పనికొచ్చేవి ఆ మనిషి సంతకంతో, సీసా మీద ఆ మనిషి పేరుతో మారాలి. పనికిరానివి స్కాలర్ ఉండగానే వ్యర్థాలకు వెళ్ళాలి, ఎందుకంటే అందులో ఏముందో చెప్పగలిగేది అతనొక్కడే. సిలిండర్లు సరఫరాదారుకు తిరిగి పంపాలి. ఆఖర్న భద్రతా విభాగం మనిషి గదిలో తిరిగి చూసి సంతకం పెట్టాలి. గైడు రిటైరయ్యేటప్పుడు ఇదే వరుస మొత్తం గదికి, ఆరు నెలల ముందునుంచి. స్కాలర్ వదిలేసి పోతే సీసా గైడుది, గైడు లేకపోతే శాఖాధిపతిది. ఈ ఒక్క మాట నియమావళిలో రాసి ఉంటే శాఖాధిపతులే మాకంటే కఠినంగా అమలు చేస్తారు.

లేబుల్ గురించి కూడా చెప్పాలి, చిన్న విషయంలా కనబడుతుంది గనక. సంకేతం, పొట్టి పేరు, నోట్‌బుక్ పేజీ సంఖ్య రాస్తే రాసినవాడు వెళ్ళాక అది గుర్తు తెలియని సీసాయే. పూర్తి పేరు, గాఢత, తేదీ, మనిషి పేరు ఉండాలి. మార్కరు సిరా అసిటోన్ చుక్క పడితే కరిగిపోతుంది, కాబట్టి లేబుల్ మీద పారదర్శకమైన టేపు అంటించాలి. లేబుల్ రాయడం అర నిమిషం. గుర్తు తెలియని సీసాను వదిలించుకోవాలంటే నీటితో ఎలా స్పందిస్తుంది, ఆమ్లమా క్షారమా, ఆక్సీకారిణా, సయనైడ్ ఉందా, ఇలా ఒక్కొక్కటే చూడాలి, అదీ అనుభవం ఉన్నవాళ్ళు, కవచం వెనక నుంచి.

వ్యర్థాల డబ్బా దగ్గర ఏది ఎందుకు చెడుతుందో విడమరచి చెప్పే శిక్షణ అరుదు. హాలోజన్ (క్లోరిన్, బ్రోమిన్ లాంటివి) ఉన్న ద్రావణులు ఒకదాంట్లో, లేనివి ఇంకోదాంట్లో అని చెప్పి ఊరుకుంటారు. ఎక్కువగా పగిలేది నైట్రిక్ ఆమ్లం పోసిన డబ్బా. ఆల్కహాల్ గానీ అసిటోన్ గానీ కొద్దిగా మిగిలిన సీసాలో నైట్రిక్ ఆమ్లం పోస్తే వెంటనే ఏమీ జరగదు. ఆక్సీకరణ నెమ్మదిగా మొదలవుతుంది, వేడి పుడుతుంది, వేడికి చర్య వేగం పెరుగుతుంది, వాయువులు కమ్ముతాయి. మూత బిగించి ఉంటే గంటల తర్వాత, ఎక్కువసార్లు గదిలో ఎవరూ లేనప్పుడు, సీసా పేలి గాజుముక్కలు, ఆమ్లం గోడలదాకా వెళతాయి. ఎవరూ గాయపడకపోతే అదృష్టం అనుకుని తుడిచేస్తారు, నమోదు చేయరు. నైట్రిక్ వ్యర్థానికి వేరే డబ్బా, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు, పీడనం పెరిగితే వదిలే మూత, పదో వంతు ఖాళీ, కింద ఒలికినా పట్టే ట్రే. పాత ద్రావణి సీసాను ఆమ్లానికి తిరిగి వాడొద్దు, ఎన్నిసార్లు కడిగినా సరే. సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన పిరానా ద్రావణాన్ని, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపిన ఆక్వా రీజియాను పని అయిన వెంటనే మూత పెట్టి దాచకూడదు. ఫ్యూమ్ హుడ్‌లో, అంటే ఆవిర్లను బయటికి లాగేసే అద్దం తలుపు పెట్టెలో, నోరు తెరిచిన పాత్రలో చల్లారి, చర్య పూర్తిగా ఆగేదాకా ఉంచాలి.

జీవశాస్త్రం వాళ్ళకు రెండు మాటలు. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ తీసే కిట్లలోని చాలా బఫర్లలో గ్వానిడీన్ థయోసయనేట్ ఉంటుంది. క్రిములు చావాలని ఆ వ్యర్థంలో బ్లీచ్ పోస్తే హైడ్రోజన్ సయనైడ్, సయనోజన్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. బ్లీచ్ మంచిదే, ఈ ద్రవానికి కాదు. రెండోది సోడియం అజైడ్. బఫరు పాడవకుండా చిటికెడు వేస్తారు, అయిపోయాక సింకులో పోస్తారు. రాగి, సీసం గొట్టాల్లో అది పేలే లోహ అజైడులుగా పేరుకుంటుంది. ఏళ్ళ తర్వాత గొట్టం విప్పే ప్లంబరుకు దాని సంగతి చెప్పేవాళ్ళుండరు. అజైడ్ వ్యర్థం సింకులోకీ పోకూడదు, ఆమ్లంతోనూ కలవకూడదు, డైక్లోరోమీథేన్ అనే ద్రావణి ఉన్న డబ్బాలోకీ పోకూడదు.

ప్లంబరు మాట వచ్చింది కాబట్టి అంటున్నాం. శిక్షణ తరగతుల్లో ఎప్పుడూ స్కాలర్లు, అధ్యాపకులు కూర్చుంటారు. గదులు ఊడ్చేవాళ్ళు, చెత్త మోసేవాళ్ళు, పైకప్పు మీద ఫ్యాన్ బాగుచేసేవాళ్ళు, కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్లు ఆ హాల్లో కనబడరు. పగిలిన పిపెట్ మామూలు చెత్త సంచిలో వేస్తే తెగేది సంచి పట్టుకున్న చెయ్యి. మరుగుదొడ్డి కడిగే ఆమ్లం, బ్లీచ్ ఒకే బకెట్‌లో కలిపితే క్లోరిన్ వస్తుందని వాళ్ళకు చెప్పేదెవరు? రసాయనంతో పాటు వచ్చే భద్రతా పత్రంలో 16 భాగాలుంటాయి, పేజీలకు పేజీలు. ఊడ్చే మనిషికి అందులో కావలసినవి నాలుగే: ముట్టుకోవచ్చా, ఒలికితే ఏం చేయాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి. ప్రతి గది తలుపు మీద వాళ్ళు చదివే భాషలో, చదవలేనివాళ్ళకు బొమ్మలతో, ఒక్క కాగితం చాలు. దాంతోపాటు గాజుముక్కలకు గట్టి అట్టపెట్టె, సూదులకు గుచ్చుకోని డబ్బా, వాళ్ళ చేతులకు సరిపడే గ్లవ్స్. వీళ్ళలో చాలామంది కాంట్రాక్టరు మనుషులు కాబట్టి గాయమైతే విశ్వవిద్యాలయం రిజిస్టరులోకి ఎక్కదు. ఎక్కాలి.

ఫ్యూమ్ హుడ్ సంగతికొస్తే, సొంతదారు లేని వస్తువుకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు. పెట్టె శాఖది, పైకప్పు మీది ఫ్యాన్ ఇంజినీరింగ్ విభాగానిది, నడుమ గొట్టం ఎవరిదీ కాదు. స్విచ్ వేస్తే శబ్దం వస్తుంది, దీపం వెలుగుతుంది. గాలి లాగుతోందా అనేది వేరే సంగతి. బెల్టు వదులై జారుతుండవచ్చు, పక్షి గూడు కట్టి ఉండవచ్చు. మోటారు బాగుచేసి త్రీఫేజ్ తీగలు అటుదిటు కలిపితే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. అపకేంద్ర ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలిని అదే దిక్కుకు కొద్దో గొప్పో లాగుతుంది, అందుకే ఎవరూ గుర్తుపట్టరు. కాగితం ముక్క అంటించి ఊగుతోంది కదా అనుకోవడం చాలదు. అది దిక్కు చెబుతుంది, వేగం చెప్పదు. సంవత్సరానికోసారి అద్దం తలుపును పనిచేసే ఎత్తుకు, సుమారు 45 సెంటీమీటర్లకు పెట్టి, తెరిచిన భాగాన్ని అడుగు చొప్పున గళ్ళుగా అనుకుని, ప్రతి గడిలోనూ గాలివేగం కొలవాలి. సగటు సెకనుకు 0.5 మీటరు దగ్గర ఉండాలి. 0.4 కంటే తగ్గితే ఆవిర్లు బయటికి వస్తాయి, 0.6 మించితే సుడులు పుట్టి అప్పుడూ బయటికే వస్తాయి. ఆ తర్వాత పొగ వదిలి చూడాలి, అంకెలు సరిగ్గా ఉన్నా పొగ ముందుకొచ్చే హుడ్లు ఉంటాయి. తేదీ, వేగం, అద్దం ఎత్తు చూపే బాణం గుర్తు హుడ్ మీదే అంటించాలి.

వాడేవాళ్ళు చేసే తప్పులు కొన్నే. గదిలో ఉక్కపోతకు హుడ్ ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడతారు, లేదా పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది. ఆ గాలి వేగం హుడ్ లాగే గాలి వేగాన్ని ఇట్టే మించుతుంది, ఆవిరి నేరుగా ముఖానికి వస్తుంది. హుడ్‌ను అలమరాగా వాడి వెనక గోడ సందులు సీసాలతో మూసేస్తారు. పెద్ద పరికరం ఉంటే అయిదు సెంటీమీటర్ల ఎత్తు దిమ్మల మీద పెట్టండి, కిందనుంచి గాలి పోతుంది. ఏ పనైనా అంచు నుంచి 15 సెంటీమీటర్ల లోపలికి జరిగి చేయండి. పని లేనప్పుడు అద్దం దించండి. మంట లేచినా, ఏదైనా చిమ్మినా ఆ అద్దమే అడ్డు, ఏసీ చల్లబరచిన గాలి ఊరికే పైకి పోకుండానూ ఉంటుంది. జీవకణాల ల్యాబుల్లో ఇంకో పొరపాటు ఉంది. లామినార్ ఫ్లో బల్లకు, పనిచేసే మనిషిని కూడా కాపాడే బయోసేఫ్టీ క్యాబినెట్‌కు చూడ్డానికి పోలిక ఉంటుంది. మొదటిది శుభ్రమైన గాలిని నమూనా మీదుగా మీ ముఖం వైపు వదులుతుంది. అది నమూనాను కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. రోగక్రిములతో అక్కడ పనిచేయకూడదు.

పైకప్పు మీద ఫ్యాన్ బాగుచేసే మెకానిక్‌కు కింద ఏం పొగలు వస్తున్నాయో తెలియదు, కింద స్కాలర్‌కు పైన మనిషి ఉన్నాడని తెలియదు. ముందురోజు నోటీసు, హుడ్ల మీద వాడొద్దనే కాగితం, స్విచ్‌కు మెకానిక్ సొంత తాళం, తాళంచెవి అతని జేబులో. ఈ క్రమం తప్పితే రెండు వైపులా ప్రాణాపాయమే.

ఐవాష్ (కళ్ళు కడిగే కుళాయి), సేఫ్టీ షవర్ (ఒంటి మీద రసాయనం పడితే కడిగేది) కూడా ఇలాగే. గోడకు ఉంటాయి, తనిఖీలో టిక్కు పడుతుంది. కంట్లో క్షారం పడ్డ మనిషి పది సెకన్లలో, తడుముకుంటూ, మెట్లు గానీ తలుపు గానీ అడ్డం లేకుండా చేరాలి, 15 నిమిషాలు ఆగకుండా కడగాలి. ఐవాష్‌కు నిమిషానికి కనీసం 1.5 లీటర్లు, షవర్‌కు 76 లీటర్లు కావాలి. కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఐవాష్ కింద లీటరు జగ్గు పెడితే 40 సెకన్లలో నిండాలి. షవర్ కింద 20 లీటర్ల బకెట్ 16 సెకన్లలో నిండాలి. పై అంతస్తులో, ట్యాంకు నెత్తి మీదే ఉన్న గదుల్లో చాలాసార్లు నిండదు, ఒత్తిడి చాలదు. ఎండలో కాగిన ట్యాంకు నీళ్ళు 38 డిగ్రీలు దాటితే ఆ నీటి కింద ఎవరూ 15 నిమిషాలు నిలబడలేరు. వారానికోసారి తిప్పి వదలకపోతే గొట్టంలో నిలిచిన తుప్పునీరు, అందులో పెరిగిన సూక్ష్మజీవులు నేరుగా కంట్లోకి పోతాయి. మరి ఎందుకు తిప్పరంటే, షవర్ కింద నేలకు తూము ఉండదు. 15 నిమిషాలకు 1,100 లీటర్లు దాటే నీళ్ళు గది నిండా పారతాయి. షవర్ తలకు ప్లాస్టిక్ తొడుగు కట్టి డబ్బాలోకి వదిలితే పరీక్ష చేసుకోవచ్చు. కొత్త భవనాల నక్షాలోనే తూము పెట్టించాలి, తర్వాత నేల తవ్వడం ఎవరికీ చేతకాదు.

ద్రవ నైట్రోజన్ విషయంలో ఒక చిన్న లెక్క. ద్రవం వాయువుగా మారితే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది. 25 లీటర్ల డబ్బా ఒలికితే 17.5 ఘనపు మీటర్లు. గది మూడు మీటర్లు, నాలుగు మీటర్లు, ఎత్తు మూడు అయితే మొత్తం 36 ఘనపు మీటర్లు. అంత గాలి బయటికి నెట్టేస్తే ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 11 శాతం దగ్గరికి పడుతుంది. వాసన ఉండదు, ఊపిరాడని బాధా తెలియదు, మనిషి కూలిపోతాడు, ఎత్తడానికి వెళ్ళినవాడూ కూలిపోతాడు. కాబట్టి నింపే గదిలో 19.5 శాతం దగ్గర మోగే ఆక్సిజన్ అలారం, దాని అంకె గది బయట నుంచి కనబడేలా. లిఫ్టులో డబ్బా ఒంటరిగా వెళ్ళాలి, మనుషులు మెట్ల మీదుగా. కింది అంతస్తులో ఒకరు, పైన ఒకరు, మధ్యలో ఎవరూ ఎక్కకుండా లిఫ్టులో బోర్డు.

గ్లవ్స్ మీద నమ్మకం మరీ ఎక్కువ. 1996లో డార్ట్‌మత్ కళాశాల రసాయనశాస్త్రవేత్త కారెన్ వెటర్‌హాన్ చేతి లేటెక్స్ గ్లవ్ మీద డైమీథైల్ మెర్క్యురీ ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. మరుసటి జూన్‌లో ఆమె చనిపోయారు. ఆ ద్రవం లేటెక్స్‌ను 15 సెకన్లలోపే దాటుతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. మన ల్యాబుల్లో వాడే పల్చని నైట్రైల్ గ్లవ్‌ను డైక్లోరోమీథేన్ కూడా చాలా త్వరగా దాటేస్తుంది. చుక్క పడితే తీసి కొత్తవి వేసుకోవాలి. పని మొదలుపెట్టకముందే ఆ రసాయనానికి ఏ గ్లవ్ ఆగుతుందో తయారీదారు పట్టికలో చూసుకోవాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే గదిలో ఆ ఆమ్లం ఒంటి మీద పడితే రాయడానికి 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉండాలి, గడువు తీరనిది.

తనిఖీలు జరగడం లేదని ఎవరూ అనలేరు. జరిగాక ఏమైందన్నది చూడాలి. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ళ పరిశోధన సహాయకురాలు గాలి తగిలితే అంటుకునే టెర్షరీ బ్యూటైల్ లిథియంను సిరంజితో తీస్తుండగా పిస్టన్ ఊడిపోయింది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెట్టర్ అంటుకుంది. 18 రోజుల తర్వాత చనిపోయింది. అదే గదిలో కోట్లు వేసుకోవడం లేదని రెండు నెలల ముందు తనిఖీ నివేదిక రాసి ఉంది. లోపం రాసిన తేదీ పక్కన సరిదిద్దిన తేదీ, సరిదిద్దిన మనిషి పేరు లేని రిజిస్టరుతో ప్రయోజనం లేదు. ప్రాణాపాయం ఉన్న లోపానికి అదేరోజు గది మూయాలి. మూసే అధికారం భద్రతా అధికారికి ఉండాలి, అదీ వైస్ చాన్సలర్‌ను అడగకుండా. 2010 జనవరిలో టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో 100 మిల్లీగ్రాములు మించొద్దని నోటిమాటగా అనుకున్న పేలుడు పదార్థాన్ని 10 గ్రాములు తయారుచేశారు, ఒక విద్యార్థి మూడు వేళ్ళు పోయాయి. అమెరికా రసాయన భద్రతా మండలి విచారించినప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. అంతకుముందూ అదే బృందాల్లో త్రుటిలో తప్పిన ప్రమాదాలున్నాయి, వాటినుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. భద్రత చూసేవాళ్ళు నివేదించేది మార్పు చేయించగల అధికారం ఉన్న మనిషికి కాదు. చాలాచోట్ల భద్రతా అధికారి పోస్టు ఇంజినీరింగ్ విభాగంలో అదనపు బాధ్యతగా, ఒక అధ్యాపకుడి నెత్తిన గౌరవ పదవిగా ఉంటుంది. సహోద్యోగి గదికి తాళం వేయమని ఆయన్ను అడగడం న్యాయం కాదు.

తప్పిన ప్రమాదాలు రాసిపెట్టే పద్ధతి నిలబడాలంటే రాసినవాడికి శిక్ష ఉండకూడదు. గైడుకు తెలిస్తే సంతకం పెట్టడేమోనని భయపడే స్కాలర్ ఎప్పటికీ రాయడు. పేరు లేకుండా రాసే పుస్తకం శాఖ బయట, భద్రతా విభాగంలో ఉండాలి. అందులో ఏముందో నెలనెలా అన్ని శాఖలకూ పంపాలి, ఫలానా గది అని చెప్పకుండా. వందలమంది స్కాలర్లున్న చోట ఏడాదికి సున్నా సంఘటనలు అని నివేదిక వస్తే అక్కడ ఎవరూ రాయడం లేదనే మేము అనుకుంటాం. గాజు పగిలి వేలు తెగకుండా ఏ ప్రయోగశాలా నడవదు.

మీ విలేకరులు వచ్చే భద్రతా వారోత్సవానికి వెళ్ళినప్పుడు రిజిస్ట్రారును ఇవి అడగాలని మా మనవి. ఈ ఏడాది ఎన్ని హుడ్లకు గాలివేగం కొలిచారు, ఎన్ని తప్పాయి, తప్పినవాటిని మూశారా? షవర్లను ఆఖరిసారి ఎప్పుడు తిప్పారు, నీళ్ళు కొలిచారా? పోయిన ఏడాది పట్టా తీసుకున్న స్కాలర్లలో ఎందరి సీసాలకు అప్పగింత సంతకాలున్నాయి? భద్రతా అధికారి ఒక గది మూయించిన సందర్భం ఒక్కటైనా ఉందా? ఊడ్చే సిబ్బందిలో ఎందరికి శిక్షణ ఇచ్చారు, ఏ భాషలో? జవాబు కాగితం మీద చూపించమనండి. అంకెలు తక్కువగా ఉన్నా ఫర్వాలేదు, తేదీలుంటే చాలు. వాటిని అలాగే అచ్చువేసి, మరుసటి ఏడాది అవే ప్రశ్నలతో మళ్ళీ వెళ్ళండి.

— విశ్వవిద్యాలయ ప్రయోగశాలల భద్రత పనిలో ఉన్న కొందరు ఉద్యోగులు